చెవిని నమ్మి రాయకు

మైలాపూరు, చెన్నై

చిరంజీవి మనుమరాలికి తాతయ్య ఆశీస్సులు.

ఆఫీసులో రాసే ఇంగ్లీషు ఉత్తరాలలో ఒకేలా వినిపించే మాటలు తారుమారవుతున్నాయని బాధపడ్డావు. మనం పలికినట్టే రాసేవాళ్లం. సకలానికీ శకలానికీ ఉన్న భేదం సరిగా పలికితే చెవికే తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఆ భరోసా లేదు కనుక, అక్కడి మాటను ధ్వనితో కాక దాని తెలుగు అర్థంతో ముడివేసి గుర్తుపెట్టుకో.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక అప్పు లెక్క టైపు చేస్తూ, వడ్డీ పక్కన ఉండవలసిన ‘ప్రిన్సిపల్’ను ‘పీ ఎల్ ఈ’తో ముగించాను. అది సూత్రం, నియమం అనే అర్థమిచ్చే మాట. అప్పులోని అసలుకూ, కళాశాల అధిపతికీ వాడేది ‘పీ ఏ ఎల్’తో ముగుస్తుంది. పై అధికారి ఎర్ర సిరాతో గీత గీసి తిప్పి పంపగా, కార్బన్ ప్రతులతో సహా అంతా మళ్లీ టైపు చేశాను. ఆనాటి నుంచి ‘అసలు’ అన్న మాట మనసులో మెదిలిన తరువాతే ఆ స్పెల్లింగు రాస్తున్నాను.

‘స్టేషనరీ’ కథ నాకు మరీ ఇష్టం. మధ్యయుగపు ఐరోపాలో ఊరూరా తిరిగి అమ్మేవారిలా కాక, ఒకచోట స్థిరంగా అంగడి పెట్టుకొని పుస్తకాలు అమ్మేవారిని స్టేషనర్లు అన్నారు. లండన్‌లో వారి సంఘం 1403లోనే ఏర్పడింది. కదలకుండా ఉండడమనే ‘స్టేషనరీ’, కాగితాలూ కలాలూ అనే ‘స్టేషనరీ’ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలన్నమాట. కదలనిదానికి చివర ‘ఏ ఆర్ వై’, మన ఆండర్సన్ వీధిలో దొరికే సామగ్రికి ‘ఈ ఆర్ వై’. ‘పేపర్’ చివర కూడా ‘ఈ ఆర్’ ఉందని తలచుకో.

కొన్ని మాటలు నిజానికి వేరుగానే పలుకుతాయి, మన నోటిలోనే ఒకటవుతాయి. వదులు అనే ‘లూస్’లో రెండు ‘ఓ’లు, చివర ‘స’ ధ్వని. పోగొట్టుకోవడమనే ‘లూజ్’లో ఒక ‘ఓ’ పోయింది, చివరి ధ్వని ‘జ’కు దగ్గర. సలహా అనే ‘అడ్వైస్’కు ‘సీ’, సలహా ఇవ్వడమనే ‘అడ్వైజ్’కు ‘ఎస్’. బ్రిటిష్ పద్ధతిలో ‘ప్రాక్టీస్’కూ ఇదే నియమం, సాధన అంటే ‘సీ’, సాధన చేయడమంటే ‘ఎస్’; అక్కడ పలుకు మాత్రం ఒక్కటే.

కంప్యూటరు తప్పు చూపలేదని ధీమా పడకు. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కాబట్టి అది చాలాసార్లు ఊరుకుంటుంది. ఒక నోటుపుస్తకంలో ప్రతి జంటనూ తెలుగు అర్థంతో, నీ ఆఫీసు పనికి సంబంధించిన ఒక్కొక్క వాక్యంతో రాసుకో. సంక్రాంతికి వచ్చేటప్పుడు దాన్ని వెంట తీసుకురా, కలిసి చూద్దాం.

ఇట్లు,
తాతయ్య