మెషీన్ ఇప్పుడే వద్దు, ముందు అచ్చు మార్చండి

ప్రశ్న: మాది గోపాలపట్నం. వయసు 36. గాజువాక దగ్గర ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, చేతికి 42,000 వస్తుంది. ఇంటి ఖర్చు 34,000. ఇద్దరు పిల్లలు. గాలానికి తగిలించే మెత్తటి ప్లాస్టిక్ ఎరలు రెండేళ్లుగా ఇంట్లోనే చేసి అమ్ముతున్నాను. మైక్రోవేవ్‌లో ప్లాస్టిసాల్ (వేడి చేస్తే మెత్తటి ప్లాస్టిక్‌గా మారే ద్రవం) కాచి, చేతి ఇంజెక్టర్‌తో రెండేసి ఎరలు పడే అల్యూమినియం అచ్చుల్లో ఎక్కిస్తాను. ఆరు ఎరల ప్యాకెట్లు నెలకు 150 పోతాయి. అందులో 90 ప్యాకెట్లు 180 రూపాయల చొప్పున కొరియర్‌లో చెన్నై, కొచ్చి దాకా వెళతాయి. మిగతా 60 షాపులకు 120 చొప్పున ఇస్తాను. ముడిసరుకు, కవరు కలిపి ప్యాకెట్‌కు 45 అవుతుంది. నెలకు కొరియర్ 2,400, కరెంటు, వేస్టేజీ 900. షాపుల నుంచి 19,000 రావాలి. ఈ పని మీద మిగిల్చింది 64,000 విడిగా దాచాను. వారానికి 18 గంటలు దీనికే పోతున్నాయి. వేడి ట్యాంకు ఉన్న ఇంజెక్షన్ మెషీన్, ఆరు అచ్చులు, బుడగలు తీసే వాక్యూమ్ సెట్టు కలిపి 5.2 లక్షలు చెప్పారు. ఆటోనగర్‌లో 9,000 అద్దెకు షెడ్డు చూశాను. ఎఫ్‌డీ 2 లక్షలు తీసి, మిగతా 3.2 లక్షలు నా భార్య బంగారం మీద 10 శాతం వడ్డీకి ఏడాది లోను తీసుకుందామని ఉంది. ఆమె వెనకాడుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీరు లెక్క రాసి పంపారు, సగం పని అక్కడే తేలికైంది. నెలకు అమ్మకం 23,400. ఖర్చులన్నీ పోను 13,350 మిగులుతోంది. నెలకు సుమారు 75 గంటల పనికి గంటకు 178 రూపాయలు పడుతున్నట్టు. ఉద్యోగం చేసుకుంటూ, అప్పు లేకుండా ఈ స్థాయికి తెచ్చారు. అందుకే దీన్ని తొందరపడి పాడుచేసుకోవద్దని నా కోరిక.

మెషీన్ కొన్నాక నెలనెలా కొత్తగా పడే భారం చూద్దాం. వడ్డీ 2,670. షెడ్డు అద్దె 9,000. కమర్షియల్ కరెంటుకు ఓ 1,500 అదనం అనుకుందాం. మెషీన్, అచ్చులు ఐదేళ్లు పనిచేస్తాయనుకుంటే అరుగుదల 8,670. మొత్తం 21,840. అదనపు సరుకు చాలావరకు షాపులకే పోతుంది, అక్కడ ప్యాకెట్‌కు మీకు మిగిలేది 75. అంటే ఇప్పటి 150 మీద ఇంకో 291 ప్యాకెట్లు అమ్మితే, మీరు ఇవాళ్టి 13,350 దగ్గరే ఉంటారు. అమ్మకం దాదాపు మూడింతలైనా జేబులోకి అదనంగా రూపాయి రాదు. మీ భార్య వెనకాడటంలో న్యాయం ఉంది. ఏడాది తిరిగేసరికి ఆ 3.2 లక్షల అసలు ఎక్కడి నుంచి తెస్తారో మీ ఉత్తరంలో లేదు.

అసలు మీ పని ఎక్కడ ఆగుతోంది? నెలకు 900 ఎరలు, రెండేసి చొప్పున అంటే 450 సార్లు ఇంజెక్టర్ నొక్కుతున్నారు. నొక్కిన ప్రతిసారీ అచ్చు చల్లారేదాకా ఆగాలి. ఎనిమిది ఎరలు పడే అచ్చయితే అదే 900కి 113 సార్లు చాలు. నెలకు 300 ప్యాకెట్లు చేసినా 225 సార్లే, అంటే ఇప్పటి నొక్కుళ్లలో సగం. బాగా పోయే మోడల్‌కు అలాంటి అచ్చులు ఒకేలాంటివి రెండు చేయించండి. ఒకటి చల్లారుతుంటే రెండోది నింపొచ్చు. దానికి సరిపడా పెద్ద ఇంజెక్టర్ కావాలి, అంతే. అచ్చు కాలువల్లో మిగిలే ప్లాస్టిక్‌ను మళ్లీ కాచి వాడుకోవచ్చు. కాచిన ప్రతిసారీ రంగు కాస్త ముదురుతుంది కాబట్టి దాన్ని నలుపు, ముదురు ఆకుపచ్చల్లోకి పంపండి.

వేడి ట్యాంకు మంచి వస్తువే. అయితే ట్యాంకులో ఒకసారికి ఒకే రంగు పోయాలి. ఎక్కువసేపు వేడి మీద ఉంచితే ప్లాస్టిసాల్ పసుపెక్కుతుంది. రోజుకు నాలుగైదు రంగులు మార్చేవాళ్లకు ట్యాంకు కడుక్కోవడంతోనే సరిపోతుంది. ముందు నాలుగు రంగులు ఎంచుకుని అవి ఎప్పుడూ స్టాకులో ఉంచండి. మిగతావి నెలకోసారి, ముందే డబ్బు కట్టినవాళ్లకు కాస్త ఎక్కువ ధరకు చేయండి. భీమిలి దగ్గర గోస్తని ముఖద్వారంలో పండుగప్ప కోసం గాలం వేసేవాళ్లు, చెరువుల్లో కొరమీను పట్టేవాళ్లు అడిగిన రంగు చేసిపెట్టడం పెద్ద ఫ్యాక్టరీకి కుదరని పని. దాన్ని వదులుకోకండి, ధర మాత్రం సరిగ్గా తీసుకోండి.

ఇక డబ్బు. షాపుల బాకీ 19,000 వసూలు చేస్తే మీ 64,000తో కలిపి 83,000 అవుతుంది. మొదటి విడత విస్తరణ ఇందులోనే జరగాలి. ఎఫ్‌డీ ముట్టుకోవద్దు. ఇంటి ఖర్చు లెక్కన 2 లక్షలంటే ఆరు నెలలకు కూడా సరిపోదు, ఇద్దరు పిల్లలున్న ఇంటికి అది కనీస ధైర్యం. పాత బాకీ తీర్చని షాపుకు కొత్త సరుకు అరువివ్వకండి. ఇంకో 300 ప్యాకెట్లు షాపులకే వెళితే ఆ 19,000 లక్ష దాకా పోయినా ఆశ్చర్యం లేదు. చిన్న తయారీదారులు మునిగేది ఎక్కువగా ఇక్కడే.

ఆ 83,000లో మొట్టమొదట 15,000 దాకా భద్రతకు పెట్టండి. ఈ మాట దగ్గర నేను బేరానికి రాను. ప్లాస్టిసాల్ 175 డిగ్రీల దగ్గర పాకానికి వస్తుంది. 200 దాటి మాడితే అందులోని పీవీసీ విరిగి హైడ్రోక్లోరిక్ ఆమ్లపు పొగ వస్తుంది. బయటికి లాగే ఫ్యాను, ఆమ్లపు ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు, చేతులకు మందపాటి గ్లౌజులు, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొనండి. ఆ మైక్రోవేవ్‌లో ఇంకెప్పుడూ తిండి పెట్టకండి. మన ఊరి గాలిలో తేమ ఎక్కువ. అచ్చులో చుక్క నీరున్నా వేడి ప్లాస్టిక్ మొహం మీదికి చిమ్ముతుంది, కాబట్టి ప్రతిసారీ ముందు అచ్చును వెచ్చబెట్టి ఆరనివ్వండి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ లీకైన సంగతి గోపాలపట్నంలో ఉండే మీకు నేను చెప్పనక్కర్లేదు. పక్కింటివాళ్లకు ప్లాస్టిక్ వాసన తగిలితే వాళ్ల భయం నిజమైన భయమే. మీరేం చేస్తున్నారో ముందే వాళ్లకు చెప్పి, పొగ ఎటు పోతుందో చూపించండి.

వాక్యూమ్ సెట్టు కొన్నాళ్లు ఆగొచ్చు. కలిపిన ప్లాస్టిసాల్‌ను రాత్రంతా కదపకుండా ఉంచితే బుడగలు చాలావరకు పైకి వచ్చేస్తాయి. చవగ్గా వస్తోందని ముడిసరుకు డ్రమ్ము కూడా కొనకండి. నిల్వ ఉంటే అడుగున గట్టిగా పేరుకుంటుంది, కలపడమే ఒక పనవుతుంది. ట్రిమ్మింగ్, ప్యాకింగ్ మీకు భారమైతే ప్యాకెట్‌కు 5 రూపాయలు ఇచ్చి ఎవరితోనైనా చేయించుకోండి. నెలకు 300 ప్యాకెట్లకు 1,500, మెషీన్ వడ్డీకన్నా తక్కువ.

ఇప్పుడు జీఎస్టీ, ఇది వాయిదా వేయొద్దు. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాళ్లకు 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాట మీరూ వినే ఉంటారు. అది రాష్ట్రం లోపల అమ్మేవాళ్లకు. చెన్నైకి, కొచ్చికి ప్యాకెట్ పంపితే మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలి. టర్నోవర్ మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ స్కీమ్‌లో చేరితే బయటి రాష్ట్రాలకు అమ్మడం కుదరదు కాబట్టి మామూలు పద్ధతిలోనే తీసుకోండి. అదీ అచ్చులు కొనకముందే. రిజిస్ట్రేషన్‌కు ముందు కొన్న అచ్చులు, మెషీన్ లాంటి వాటి మీద పన్ను క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును తర్వాత కట్టే పన్నులో తగ్గించుకునే వీలు, ఉండదు. పన్ను పడ్డాక 180లో మీకు మిగిలేది తగ్గుతుంది. ధర పెంచాలా వద్దా అన్నది ఆడిటర్‌తో కూర్చుని తేల్చుకోండి. చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైన్‌లో మీరే చేసుకోవచ్చు. ఏజెంటుకు డబ్బులివ్వకండి.

ఇంటి కరెంటు కనెక్షన్ మీద వ్యాపారం నడిపితే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద సంబంధిత టారిఫ్‌కు రెట్టింపు వేస్తారు. కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ ఆఫీసుకు వెళ్లి కేటగిరీ సంగతి ముందే మాట్లాడుకోండి.

వరసగా నాలుగు నెలలు 300 ప్యాకెట్లు పోయి, షాపుల బాకీ నెల దాటకుండా వసూలైతే అప్పుడు మెషీన్ గురించి ఆలోచిద్దాం. అప్పటికీ బంగారం జోలికి పోవద్దు. చిన్న వ్యాపారాలకిచ్చే ప్రభుత్వ లోను పథకం ముద్రలో కిశోర్ విభాగం కింద 5 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. ఏడాది ఆగి ఉద్యం సర్టిఫికెట్, జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకుని వెళితే ఇప్పటికన్నా మీ మాటకు బరువుంటుంది. వాయిదా మూడు నాలుగేళ్లకు పరుచుకుంటుంది కాబట్టి జీతం మీద ఒత్తిడీ తక్కువ.

అచ్చులు చేయించేటప్పుడు సగం డబ్బే అడ్వాన్సుగా ఇవ్వండి. డిజైన్ ఫైలు మీకే చెందుతుందని బిల్లు మీద రాయించుకోండి. మీ ఇంజెక్టర్ మూతి అచ్చు రంధ్రంలో సరిగ్గా కూర్చుంటోందా, ఎనిమిది గుంటలూ తోకల దాకా నిండుతున్నాయా అన్నది మీ ప్లాస్టిసాల్‌తోనే పోసి చూసి, ఆ తర్వాతే మిగతా సగం కట్టండి.