కోడ్ గోల్ఫ్ పోటీలో తగవులు ఎందుకొస్తాయి?

ప్రశ్న: బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్న కొందరం తెలుగువాళ్లం నెలనెలా ఆన్‌లైన్‌లో కోడ్ గోల్ఫ్ పోటీ పెట్టుకుంటున్నాం. ఇచ్చిన సమస్యకు అతి చిన్న ప్రోగ్రాం రాసినవారే విజేత. కానీ ప్రతిసారీ లెక్కింపు దగ్గరే తగవు వస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: అక్షరాలు లెక్కిస్తారా, బైట్లు (కంప్యూటర్‌లో అవి ఆక్రమించే చోటుకు కొలత) లెక్కిస్తారా అన్నది సమస్యతోపాటే ప్రకటించండి. అక్షరాలను బైట్లుగా మార్చి దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మామూలు ఇంగ్లిషు అక్షరానికి 1 బైటు చాలు గాని, మన ‘క’కు 3, గుడి చేరిన ‘కి’కి 6 కావాలి, అందువల్ల అక్షరాలనే లెక్కిస్తే, పొడవైన కోడును కొద్దిపాటి యూనికోడ్ (అన్ని భాషల లిపులకూ కలిపి ఉన్న సంకేతాల పట్టిక) గుర్తుల్లోకి కుక్కగల నేర్పరులు సులువుగా నెగ్గుకొస్తారు. నా ఓటు బైట్లకే.

గోల్ఫ్‌స్క్రిప్ట్, జెల్లీ వంటివి ఈ ఆట కోసమే పుట్టిన ప్రోగ్రామింగ్ భాషలు. వాటి పక్కన జావాను నిలబెట్టడం అన్యాయం కాబట్టి ఏ భాషకు ఆ భాషలోనే విజేతను ఎంచండి. వెర్షన్ కూడా ముందే చెప్పాలి: పైథాన్ 2లో ప్రింట్‌కు బ్రాకెట్లు అక్కర్లేదు, 3లో తప్పవు. ఒక్క బైటుతో గెలుపోటములు తేలే ఆటలో ఇది చిన్న విషయం కాదు.

మీరిచ్చిన ఉదాహరణలకు మాత్రమే సరిపోయే జవాబులను పట్టుకోవడానికి సున్నా, రుణసంఖ్య, ఖాళీ ఇన్‌పుట్ వంటి పరీక్షలను దాచి ఉంచండి. అవుట్‌పుట్ చివర అదనంగా ఒక ఖాళీ లైను వస్తే ఒప్పుకుంటారో లేదో రాసిపెట్టండి. సగం వాదనలు అక్కడే పుడతాయి. బైట్లు సమానమైతే ముందు పంపినవారిదే గెలుపు. సమస్య కూర్చినవారు ఆ నెల పోటీలో పాల్గొనకూడదు. గడువు ముగిశాక అందరి కోడునూ బయటపెట్టండి.