అన్నకు ఎదురు చెప్పలేను.. భార్యను ఆపలేను

*నల్లగొండ జిల్లాలో ప్రభుత్వ ఉపాధ్యాయుడిని. వయసు 41. ఒక్కడే బాబు, తొమ్మిదేళ్లు. ఆటిజం అని నాలుగో ఏట డాక్టర్లు చెప్పారు. మాటలు తక్కువ. నేను ఏడో తరగతిలో ఉండగా మా నాన్న పోయాడు. అన్న తన చదువు మానేసి, బత్తాయి తోట చూసుకుంటూ నన్ను చదివించాడు. పోయిన నెల అన్న కూతురికి పెళ్లిచూపులు జరిగాయి. వచ్చినవాళ్లు వెళ్లేదాకా బాబును తోటలో మోటరు రూములో జీతగాడి దగ్గర ఉంచమన్నాడు అన్న. ఉంచాను. నా భార్యకు తెలిసి, అందరి ముందూ అరిచి, బాబును ఎత్తుకొచ్చి చాప మీద కూర్చోబెట్టింది. ఇప్పుడు కల్వకుర్తిలో తల్లిగారింట్లో ఉంది. ఆమె స్కూల్లో, చుట్టాల్లో, ఆఖరికి బస్సులో కూడా బాబు కోసం గొడవ పడుతుంది. అన్నావదినలకు క్షమాపణ చెప్పేలా ఆమెకు ఎలా నచ్చజెప్పాలి? అన్న అంటున్నట్టు బాబును హైదరాబాద్‌లో హాస్టల్ ఉన్న స్పెషల్ స్కూల్లో వేయడం మంచిదేనా?*

మీ భార్యకు ఎలా నచ్చజెప్పాలో నేను చెప్పను. ఆమె క్షమాపణ చెప్పాల్సిన తప్పు ఉత్తరం మొత్తం వెతికినా నాకు దొరకలేదు. ఇక హాస్టల్. బాబు కడుపునొప్పి వస్తే చెప్పలేడు. ఎవరైనా కొడితే ఫలానావాడు కొట్టాడని చెప్పలేడు. అలాంటి పిల్లవాడిని అమ్మానాన్నా ఉండగా వంద కిలోమీటర్ల అవతల వదిలేయాల్సిన అవసరం ఏమొచ్చింది? వద్దు. హైదరాబాద్ వెళ్లాలనుంటే బోయినపల్లిలో ఎన్‌ఐఈపీఐడీ ఉంది. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ, చాలామంది ఇంకా పాత పేరుతో ఎన్‌ఐఎంహెచ్ అనే అంటారు. బాబును పరీక్షించి, ఇంట్లో ఏం నేర్పాలో, ఎలా నేర్పాలో తల్లిదండ్రులకు చూపిస్తారు. ఇద్దరూ కలిసి వెళ్లి నేర్చుకుని, బాబుతో సహా ఇంటికి రండి.

మీరడిగిన రెండూ అయిపోయాయి.

మోటరు రూము అన్న మాట చదివాక మీ ఉత్తరం కాసేపు పక్కన పెట్టేశాను. మా అమ్మమ్మ ఊరు పాలమూరు వైపు. మా చిన్న మేనమామకు పుట్టుకతోనే వినపడదు, మాటలు రావు. ఇంట్లో పెళ్లి కుదిరే రోజు ఆయన్ని పశువుల కొట్టంలో కూర్చోబెట్టేవాళ్లు. అన్నం పళ్లెం తీసుకెళ్లే పని నాది. నాకప్పుడు పదేళ్లు. ఎవరైనా అడిగితే ఊరెళ్లాడని చెప్పమనేవాళ్లు, చెప్పేదాన్ని. ఆయన ఏమీ అనుకోడనీ, ఆయనకేం తెలియదనీ మా పెద్దవాళ్ల నమ్మకం. పళ్లెం కింద పెట్టేసరికి ఆయన మెడ చాచి ఇంటివైపు పెట్రోమాక్స్ లైట్లు చూస్తుండేవాడు. కాబట్టి మీ విషయంలో నేను ఎటూ మొగ్గకుండా మాట్లాడతానని అనుకోకండి.

మీరు ఒక మాట రాశారు. 'వాడికి తోట ఇష్టమే మేడం. డ్రిప్పు పైపు దగ్గర కూర్చుంటే గంటసేపు కదలడు. చుక్క పడ్డప్పుడల్లా టప్ అంటాడు. కాబట్టి రూములో ఉంచడం శిక్షేం కాదు' అని. సార్, చుక్కలు పడేది చెట్ల మొదట్లో. రూములో ఉండేది స్టార్టర్ పెట్టె, గ్రీజు డబ్బాలు, చెవులు మూసుకోవాల్సినంత చప్పుడు. మిక్సీ వేస్తేనే చెవులు మూసుకునే పిల్లవాడని మీరే ఇంకో పేజీలో రాశారు.

అయినా ఆ టప్ అన్న ముక్క రాసినందుకు మీమీద నాకు కొంచెం ఆశ ఉంది. నాలుగు పేజీల్లో బాబు గురించి ఫిర్యాదు కాని వాక్యం అదొక్కటే.

మీ భార్య పెట్టుకున్న గొడవలన్నీ వరసగా రాశారు. ఒక్కోదాని పక్కన మీరెక్కడున్నారో చూశాను. బస్సులో పక్క సీటు ఆవిడ 'పిచ్చి పోరన్ని ఎందుకు తీస్కొస్తరు' అన్నప్పుడు మీరు కిటికీలోంచి బయటకు చూస్తున్నారు. మీ మేనత్త చెరువుగట్టు గుడి దగ్గర అమావాస్య నిద్ర చేయిస్తే తగ్గుతుందని పట్టుబట్టినప్పుడు మీరు వాకిట్లో ఫోన్ మాట్లాడుతున్నారు. గట్టు మీద నిద్ర చేస్తే నష్టం లేదు, దేవుడికి దండం పెట్టుకోండి. కానీ దానికోసం స్పీచ్ థెరపీ మూడు నెలలు మాన్పించినప్పుడు నోరు విప్పాల్సింది ఎవరు? జూన్ నుంచి టీసీ తీసుకెళ్లండని ప్రైవేటు స్కూలు ప్రిన్సిపల్ అన్నప్పుడు ఆమె ఒక్కతే వెళ్లి వాదించింది. ఆ సాయంత్రం మీరు ఆయనకు ఫోన్ చేసి 'మా ఆవిడ మాటలు మనసులో పెట్టుకోకండి సార్' అన్నారు. ఎందుకంటే ఆయన మీ అన్న స్నేహితుడు, ఆ సీటు ఇప్పించింది మీ అన్న.

అక్కడ దొరికింది నాకు మీ ఇంటి అసలు ముడి. మీ సమస్య మీ భార్యతో లేదు, బాబుతో అంతకన్నా లేదు. మీ అన్నతో ఉంది. అన్నకు కాదు అనాల్సి వచ్చిన ప్రతిసారీ ఆ మాట ఆమె నోటితో అనిపించారు. 'నాకేం లేదన్నా, ఆమె ఊకుంటలేదు' అని ఎన్నిసార్లు అని ఉంటారు? ఆమె గయ్యాళి అయింది, మీరు మంచి తమ్ముడిగా మిగిలారు. ఇద్దరు మాట్లాడాల్సిన చోట ఒక్కరే మాట్లాడితే గొంతు పెరుగుతుంది. అది ఆమె స్వభావం అనుకుంటున్నారు మీరు.

మీ అన్న దుర్మార్గుడని నేననడం లేదు. పదో తరగతి మానేసి, నీళ్లకరువు ప్రాంతంలో బోరు తర్వాత బోరు వేస్తూ తోటను నిలబెట్టి, తమ్ముడికి టీటీసీ, డీఎస్సీ కోచింగ్ ఫీజులు కట్టినవాడికి రెండు చేతులా దండం పెట్టాలి. ఆ రుణం ఉంది, తీర్చుకోండి. అన్న కూతురి పెళ్లిలో బంగారం మీరు పెట్టండి. జీతం మీద లోన్ తీసి ఇవ్వండి. తోటలో మీ వాటా అన్నకే రాసివ్వండి అందామనుకున్నాను కానీ వద్దులెండి, అది బాబుకు కావాలి. ఏమిచ్చినా మీ సొమ్ములోంచి ఇవ్వండి. మీరు చేసిన బాకీకి బాబు చోటు వడ్డీగా కడుతున్నారు, అది మీది కాదు ఇవ్వడానికి.

బాబు వైకల్య సర్టిఫికెట్ విషయం చదివి నాకు నిజంగా కోపం వచ్చింది. అయిదేళ్లయింది డాక్టరు చెప్పి. ఇప్పటికీ తీసుకోలేదు. 'లిస్టులో పేరెక్కితే ఊరంతా తెలుస్తది, ఆడపిల్ల సంబంధం చెడుతది, పెళ్లయ్యాక చూద్దాం' అన్నాడట అన్న. ఆ అమ్మాయి తర్వాత ఇంటర్ చదివే ఇంకో అమ్మాయి ఉందని రాశారు. అంటే ఇంకో అయిదారేళ్లు. అప్పటికి బాబుకు మీసాలొస్తాయి. చిన్నప్పుడు అందాల్సిన శిక్షణ ఆగదు కదా వీళ్ల ముహూర్తాల కోసం. ఆటిజంలో జన్యువుల పాత్ర ఉంటుంది, అబద్ధం చెప్పను. కానీ బాబును మోటరు రూములో దాచితే ఎవరి జన్యువులూ మారవు. పెళ్లయిన ఆర్నెల్లకు ఈ సంగతి బయటపడితే ఆ అమ్మాయి అత్తగారింట్లో ఏం మాట పడుతుందో మీ అన్న ఆలోచించాడా?

సర్టిఫికెట్ అంటే పింఛను కోసమే అన్నట్టు మీ ఇంట్లో మాట్లాడుకుంటున్నారు. ఆ 4,016 రూపాయలు లేనివాళ్లకు. ఉద్యోగం చేస్తున్న మీకు దాని అవసరం లేదు. బాబుకు సర్టిఫికెట్ ఇంకా చాలా వాటికి కావాలి. 1995 చట్టంలో వైకల్యాలు ఏడే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో అవి 21 అయ్యాయి, ఆటిజం పేరుతో సహా చేరింది. 40 శాతం, ఆ పైన ఉన్నట్టు ధ్రువీకరిస్తే ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా దగ్గర్లోని బడిలో గానీ, మీరు కోరుకున్న స్పెషల్ స్కూల్లో గానీ ఉచితంగా చదివే హక్కు ఉంది. రేపు పది పరీక్షల్లో అదనపు సమయం అడగాలన్నా, రాసేవాళ్లను ఇమ్మనాలన్నా ఆ కాగితమే చూపించాలి. నేషనల్ ట్రస్ట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ నడిపే నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు వస్తాయి, దానికీ ఇదే అడుగుతారు. ఊళ్లో ఇప్పటికీ సదరం సర్టిఫికెట్ అనే అంటారు, చేతికి వచ్చేది యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు.

ఇవన్నీ టీచరైన మీకు నేను చెప్పడం ఏమిటో! ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే మీ మండలం భవిత కేంద్రం మీ బడి ఆవరణలోనే ఉందని రాశారు. వేరేవాళ్ల పిల్లలు అక్కడికి వచ్చి ఫిజియోథెరపీ చేయించుకుని వెళ్తారు, మీరు వరండాలోంచి చూస్తారు. మీ భార్యేమో తోటి టీచర్లకు తెలియకూడదని మీరన్నందుకు, బాబును రెండు బస్సులు మారి పక్క మండలం భవితకు తీసుకెళ్లింది. ఆ వాక్యం రాసేటప్పుడు మీ చెయ్యి ఆగలేదా?

స్కూలు గొడవ మీరు తలచుకుంటే వారంలో తేలేది. విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ మీ బడిలో మీకు కంఠతా వచ్చే ఉంటుంది. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లవాడిని బడి నుంచి వెళ్లగొట్టకూడదు. 2019లో మార్చింది ఫెయిల్ చేసే సంగతి ఒక్కటే, బయటకు పంపే అధికారం ఎవరికీ ఇవ్వలేదు. కాబట్టి ప్రిన్సిపల్‌కు ఫోన్లు మానేసి కాగితం పెట్టండి. టీసీ ఎందుకు తీసుకోమంటున్నారో రాతపూర్వకంగా ఇమ్మనండి. మీ దరఖాస్తు కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకోండి. చాలాసార్లు అక్కడికే గొంతు తగ్గుతుంది. తగ్గకపోతే ఎంఈఓ, తర్వాత డీఈఓ. అప్పటికీ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి ఉంది. మీరు సంతకం పెట్టి, మీరే వరసలో నిలబడి ఇవ్వండి. ఆ స్కూలు బాబుకు సరిపడకపోతే తర్వాత మార్చుకోవచ్చు. కానీ గెంటేస్తే రావడం వేరు, చూసుకుని మారడం వేరు.

ఇక అన్నతో మాట. వదిన లేనప్పుడు, మీ భార్య లేనప్పుడు, తోటలోనే మాట్లాడండి. కళ్లు ఎర్రజేస్తాడు, 'ఇందుకేనారా నిన్ను సదివిచ్చింది' అంటాడు. అనని అన్న ఉండడు. తల దించుకుని వినండి, పడాల్సింది పడండి. తర్వాత 'వాడు నా కొడుకన్నా. వాడెక్కడుంటే నేనక్కడ్నే ఉంటా. సర్టిఫికెట్ తీసుకుంటున్న' అని చెప్పి వచ్చేయండి. ఆ మాటల్లో 'మా ఆమె' అన్న పదం ఒక్కసారి కూడా రాకూడదు. వచ్చిందంటే మళ్లీ మొదటికే. కొన్నాళ్లు మాట్లాడడు. పిల్లలా పెంచిన తమ్ముడిని వదులుకునే మనిషైతే ఇంత చేసేవాడే కాదు.

అన్న కూతురి పెళ్లి ఎప్పుడు జరిగినా ముగ్గురూ వెళ్లండి. డీజే చప్పుడుకు బాబు తట్టుకోలేకపోతే చెవులకు పెట్టే మఫ్స్ దొరుకుతాయి, ముందే తెచ్చి ఇంట్లో అలవాటు చేయండి. అయినా ఇబ్బంది పడితే మీరే చెయ్యి పట్టుకుని పందిరి బయటకు తీసుకెళ్లండి. వాడికి బాగుండాలని బయటకు తీసుకెళ్లడానికి, ఎవరి కంటా పడకూడదని తీసుకెళ్లడానికి ఉన్న తేడా మాట రాని పిల్లవాడికి కూడా తెలుస్తుంది. మా మేనమామకు తెలిసేది.

కల్వకుర్తికి ఈ ఆదివారమే వెళ్లండి. పెద్దమనుషుల్ని వెంటేసుకుని వెళ్లకండి, మీ అన్న రాయబారం అసలే వద్దు. ఇంటికి రమ్మని అడిగే ముందు, ఆమె ఎక్కడికి వెళ్లినా చంకలో పెట్టుకుని తిరుగుతుందని మీరు విసుక్కున్న ఆ ప్లాస్టిక్ ఫైలు అడిగి తీసుకోండి. మొదటి కాగితం నుంచి కూర్చుని చదవండి. అయిదేళ్ల ఓపీ చీటీలు, థెరపీ బిల్లులు, స్కూలుకు రాసిన అర్జీలు అందులోనే ఉండి ఉంటాయి. ఏ రోజు ఏ ఆఫీసు ముందు ఎంతసేపు నిలబడిందో ఆమెనే అడగండి, ఆమె చెబుతున్నప్పుడు మధ్యలో అడ్డు రాకండి. సోమవారానికి సెలవు పెట్టుకునే వెళ్లండి, సర్టిఫికెట్ పని మీ చేతులతో మొదలుపెట్టాలి.