బుజ్జీ, గ్రూపు పెట్టే ముందు

చి.ల.సౌ. బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట మాట్లాడింది. పావుగంట నీ పెళ్లి సంబంధాల గొడవ, పావుగంట నీ లైబ్రరీ గొడవ. లైబ్రేరియన్‌గా బ్రాంచిలో చేరి నాలుగు నెలలు కాలేదు, వాట్సాప్ గ్రూపు, ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ఒకేసారి మొదలుపెడుతున్నావట. "నీ మేనకోడలు నిన్ను మించిపోయింది అన్నయ్యా" అంది. వినగానే ఛాతీ రెండంగుళాలు పెరిగింది. పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. మీ అత్తయ్య "పొద్దుపోయాక కాఫీ వద్దంటే వినరు" అని అటు తిరిగి పడుకుంది. కారణం కాఫీ కాదు. కింద రాస్తాను.

నీ ఆలోచన తప్పని అనడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మన జిల్లా వాళ్లం అసలు ఆ మాట అనకూడదు. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలవ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. నీ లైబ్రరీ సైన్స్ పుస్తకంలో ఒక్క వాక్యంగా చదివి మార్కులు తెచ్చుకుని ఉంటావు. మా నాన్న మాత్రం పడవ ప్రయాణాల గురించి కథలు కథలుగా చెప్పేవాడు. గట్టు మీద మనిషి తాడు పట్టి లాగుతుంటే, పడవలోవాళ్లకి మాట్లాడుకునే మాటలు కూడా అయిపోయేవట. అలా ఖాళీగా కూర్చున్న జనం దగ్గరికి పుస్తకం వెళ్లింది. ఇప్పుడు జనం అలా కూర్చునేది ఫోను ముందు. కాబట్టి పెట్టు. లైబ్రేరియన్‌గా ఉన్నప్పుడు నీకన్నా ముందు నేనే పెట్టాను, ఆ సంగతి మీ అమ్మ మర్చిపోయింది.

నీకు తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తాను. నీ సొంత నంబరు వాడకు, లైబ్రరీకి వేరే సిమ్ము తీసుకో. రాత్రి ఎనిమిది దాటాక ఆ ఫోన్ ముట్టుకోకు. పేజీ నీ పేరు మీద కాకుండా లైబ్రరీ పేరు మీద ఉండాలి. పాస్‌వర్డు ఒక కాగితం మీద రాసి సీలు చేసి బీరువాలో పెట్టు. బదిలీ అయినప్పుడు ఛార్జి లిస్టులో కుర్చీలు, ర్యాకులతో పాటు అది కూడా అప్పగించు. ఒకచోట చూశాను. లైబ్రేరియన్ బదిలీ అయి నాలుగేళ్లయినా పేజీలో పాత వేళలే ఉన్నాయి. అవి నమ్ముకుని మధ్యాహ్నం పూట వచ్చిన ముసలాయన మెట్ల మీదే కూర్చుని ఉన్నాడు.

ఇంకొకటి. కొత్త పుస్తకాల జాబితా పెట్టేటప్పుడు యూనికోడ్‌లోనే కొట్టు, అంటే ఏ ఫోన్లోనైనా కనిపించే, వెతికితే దొరికే అక్షరాల పద్ధతిలో. మన పాత కేటలాగు డీటీపీ కుర్రాడు 'అను' అనే పాతరకం ఫాంట్లలో కొట్టిపెట్టాడు. చూడ్డానికి ముత్యాల్లాంటి అక్షరాలు, వెతికితే ఒక్కటీ దొరకదు. కాపీ చేసి ఫోన్లో పెడితే అర్థంకాని గుర్తులు వస్తాయి. ఆరువేల పుస్తకాలు మళ్లీ కొట్టుకున్నాను.

ఇక అసలు సంగతి. ఇది మీ అత్తయ్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

2015 నవంబరు, గ్రంథాలయ వారోత్సవాలు. నా చేతికి స్మార్ట్‌ఫోన్ వచ్చి అప్పటికి ఏడాది. అప్పుడు చేస్తున్న బ్రాంచికి ఫేస్‌బుక్ పేజీ పెట్టాను. ముగ్గుల పోటీ, వ్యాసరచన పోటీ, పిల్లలకి పెన్నులు పంచడం, రోజుకి పది ఫోటోలు. నాలుగో రోజు సాయంత్రం ఇష్యూ రిజిస్టరు చూసుకుంటే ఆ ఒక్కరోజే 72 పుస్తకాలు వెళ్లాయి. మామూలుగా పాతిక దాటవు. ఒళ్లు పొంగిపోయింది. ఆ పేజీ ఫోటో తీసి, "జనం చదవడం లేదని ఎవరన్నారు?" అని పైన రాసి పెట్టేశాను.

ఇష్యూ రిజిస్టర్లో ఏముంటాయో నీకు చెప్పాలా? సభ్యత్వం నంబరు, పేరు, పుస్తకం పేరు, సంతకం. అందులో కింది నుంచి మూడో వరస ఒకావిడది. పిల్లవాణ్ణి బడిలో దింపి, తొమ్మిదిన్నర ప్రాంతంలో వచ్చేది. ఎప్పుడూ కూర్చోలేదు. ఒక కథల పుస్తకం, ఒక వంటల పుస్తకం పైన పెట్టి, తనకి కావలసిన పుస్తకం అడుగున పెట్టి కౌంటరు మీదికి తెచ్చేది. నేనూ పేరు పైకి చదవకుండా ముద్ర వేసి ఇచ్చేవాణ్ణి. అంత మర్యాద తెలిసినవాణ్ణి, ఆ వరస తీసుకెళ్లి ఊరందరికీ చూపించాను. ఆ రోజు అడుగున ఉన్నది వివాహ చట్టం గురించి మామూలు మనుషులకి అర్థమయ్యేలా రాసిన తెలుగు పుస్తకం.

రాత్రికి లైకులు వంద దాటాయి. ఎవరో ఫోటో పెద్దది చేసి చూసి, "ఫలానా వాళ్ల కోడలికి విడాకుల పుస్తకం ఎందుకో" అని రాసి, పక్కన నవ్వే బొమ్మలు పెట్టాడు. అది చదివాను బుజ్జీ. చదివి, దాన్ని కూడా లెక్కలో కలుపుకున్నాను. పేజీ బాగా నడుస్తోంది అనుకుని పడుకున్నాను.

మర్నాడు కాక ఆ పైరోజు ఆవిడ మరిది వచ్చాడు. మూడు పుస్తకాలూ కౌంటరు మీదికి విసిరాడు. "మా ఇంటి ఆడాళ్లకి ఇవి ఇచ్చేందుకేనా నీకు గవర్నమెంటు జీతం ఇచ్చేది?" అన్నాడు. పేపర్లు చదువుకుంటున్నవాళ్లు తలెత్తి చూశారు. సభ్యత్వం రద్దు చెయ్యమన్నాడు. డిపాజిట్ వాపసు ఇవ్వాలంటే ఆవిడే వచ్చి సంతకం పెట్టాలన్నాను. రూలు అదే కదా, నాకు ఆ క్షణంలో పట్టుకోవడానికి రూలు తప్ప ఇంకేమీ దొరకలేదు. "నువ్వే ఉంచుకో" అని వెళ్లిపోయాడు. డేట్ స్లిప్పు చూస్తే గడువు ఇంకా తొమ్మిది రోజులుంది. భరణం గురించిన అధ్యాయం దగ్గర ఒక బస్సు టికెట్టు పెట్టి ఉంది.

ఫోటో వెంటనే తీసేశాను. ఏం లాభం, అప్పటికే ఎన్ని ఫోన్లలోకి పోయిందో. ఆవిడ ఇంటికి వెళ్లి క్షమాపణ చెబుదామా అంటే, నేను గుమ్మం ఎక్కితే ఆవిడకి ఇంకో గొడవ. వెళ్లలేదు. ఆవిడ మళ్లీ రాలేదు. పుట్టింటికి వెళ్లిపోయిందని ఒకరు, లేదు ఇక్కడే ఉందని ఒకరు. నేను రిటైరైన రోజున ఛార్జి అప్పగిస్తూ లెక్కలు చూసుకుంటే ఆ యాభై రూపాయల డిపాజిట్ అలాగే ఉంది.

ఇప్పుడు నీ సంగతి. మొన్న మన ఇంటి గ్రూపులో నువ్వు పెట్టిన ఫోటో, పిల్లలు నేల మీద కూర్చుని చదువుకుంటున్నది, అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను. నిన్న మీ అమ్మ ఫోన్ పెట్టేశాక మళ్లీ చూశాను. వెనకాల కౌంటరు మీద రిజిస్టరు తెరిచి ఉంది. పెద్దది చేస్తే నాకే, ఈ కళ్లకే, నాలుగు పేర్లు కనిపించాయి. బుద్ధుండక్కర్లేదా? నాకు లేకపోయె, నీకైనా ఉండాలా వద్దా? తిట్టాలని కూర్చోలేదమ్మా. నా తప్పు చూడ్డానికి నువ్వు లేవు, నీ తప్పు చూడ్డానికి నేనున్నాను. ఆ ఫోటో తీసెయ్యి.

ఎవరు ఏం చదువుతున్నారో నీ గుమ్మం దాటి బయటికి పోకూడదు. గడువు దాటినవాళ్ల జాబితా పేజీలో పెట్టమని పైవాళ్లు అడిగినా పెట్టకు, ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చెయ్యి. "ఈ నెల మేటి పాఠకురాలు" అని ఫోటో పెట్టాలనిపిస్తే, ఆ మనిషిని అడుగు. ఒప్పుకున్నా సరే, ఏ పుస్తకాలు చదివిందో రాయకు. పిల్లల ఫోటోలైతే తల్లిదండ్రుల్ని అడగకుండా అసలే వద్దు.

అందుకే గ్రూపు అంటే నాకు గుబులు. గ్రూపులో చేరిన ప్రతివాళ్ల నంబరూ మిగతా అందరికీ కనిపిస్తుంది. నీ బ్రాంచిలో గ్రూప్-2కి చదువుకునే ఆడపిల్లలు ఇరవైమంది ఉన్నారని మీ అమ్మ చెప్పింది. వాళ్ల నంబర్లు ఊళ్లో రెండొందలమంది చేతిలో పెట్టడమే అది. ముందు రోజుకో గుడ్ మార్నింగ్, వారం తిరిగేసరికి "హాయ్ మేడమ్, భోంచేశారా". దాని బదులు వాట్సాప్‌లోనే ఛానెల్ పెట్టు. అందులో ఒకరి నంబరు ఇంకొకరికి కనిపించదు. కొత్తగా వచ్చిన పుస్తకాలు, సెలవులు, పరీక్షల నోటిఫికేషన్లు దాంట్లో వెయ్యి. మాట్లాడుకోవాలి, పుస్తకాల మీద కొట్టుకోవాలి అనే సరదా ఉన్నవాళ్లు ఎటూ ఓ పదిహేనుమంది తేలతారు. వాళ్లకి విడిగా చిన్న గ్రూపు, అదీ వాళ్లంతట వాళ్లు అడిగితే. ఎన్నికల ముందు నెల దానికి తాళం వేసెయ్యి, అడ్మిన్ తప్ప ఎవరూ రాయకుండా. అనుభవంతో చెబుతున్నాను.

"ఫలానా పుస్తకం ఉందా?" అని అడిగితే మాత్రం అదే రోజు జవాబివ్వు. ఉంటే పక్కన తీసిపెట్టు. పాఠకుడి కాలం ఆదా చెయ్యమని, లైబ్రరీలకి అయిదు సూత్రాలు చెప్పిన రంగనాథన్ గారు 1931లో రాశారు. పొలం పని మానుకుని, బస్సెక్కి వచ్చి, పుస్తకం లేదనిపించుకుని వెళ్లినవాణ్ణి చూస్తే ఆ సూత్రం ఎందుకు రాశారో తెలుస్తుంది. నీ మూడు పేజీలూ కలిసి ఈ ఒక్క పని చేసినా నాకు చాలు.

పీడీఎఫ్‌లు అడుగుతారు, రోజూ అడుగుతారు. రచయిత పోయాక 60 ఏళ్లదాకా హక్కులుంటాయి. గురజాడ 1915లో, వీరేశలింగం 1919లో పోయారు, వాళ్లవి ధైర్యంగా పంచు, హక్కులు తీరిన పుస్తకాలుండే తెలుగు వికీసోర్స్ సైటులో వెతికి లింకు ఇవ్వు. చలం 1979లో, శ్రీశ్రీ 1983లో పోయారు, వాళ్లవి ఎవడో టెలిగ్రామ్‌లో పెట్టాడని నువ్వు పంపకు. మనం కొని ర్యాకులో పెట్టాల్సినవాళ్లం.

వికీపీడియా సంగతి మీ అమ్మ చెప్పలేదు కానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. మన ఊళ్ల వ్యాసాలు చూడు, జనాభా లెక్కలు తప్ప ఏమీ ఉండవు. అక్కడ ఏం రాసినా ఆధారం చూపించమంటారు. ఆధారాలన్నీ మన బీరువాల్లోనే చెదలు పడుతున్నాయి: బడి స్వర్ణోత్సవ సంచికలు, పాత పత్రికల బైండింగులు. వేటపాలెం సారస్వత నికేతనం లైబ్రరీకి ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వెళ్లేది ఆ పాత పత్రికల కోసమే. ఆదివారం పూట ఇద్దరు డిగ్రీ పిల్లల్ని కూర్చోబెట్టి ఆధారాలతో నాలుగు వాక్యాలు రాయించు. సొంత డబ్బా మాత్రం వద్దు. నేను మన బ్రాంచి గురించి "సుప్రసిద్ధ" అని రాస్తే రెండు రోజుల్లో ఎవరో కుర్రాడు కొట్టేశాడు. వారం రోజులు వాడి మీద కోపంగా ఉన్నాను. వాడు చేసింది సబబే.

ఛానెల్లో పెట్టిన ప్రతి ముక్కా గుమ్మం దగ్గర నల్లబల్ల మీద సుద్దముక్కతో కూడా రాయి. ఊళ్లో ఇంటిపన్ను కట్టే ప్రతివాడి దగ్గరా రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు వసూలవుతోంది. ఆ కట్టేవాళ్లలో ఫోన్ లేనివాళ్లు ఎంతమందో పొద్దున్నే పేపరు కోసం నీకన్నా ముందొచ్చి నిలబడే పెద్దాయన్ని అడుగు.

శుక్రవారం నీకు సెలవే కదా. భోజనానికి వచ్చెయ్. అత్తయ్య గోంగూర పచ్చడి నూరుతానంటోంది. ఆ ఛానెల్ సెట్టింగులు నా ముందు కూర్చుని చెయ్యి, నేను కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ చదువుతాను. వచ్చేటప్పుడు సభ్యత్వం ఫారం ఒకటి తీసుకురా. నీ బ్రాంచిలో చేరతాను. డిపాజిట్ రూపాయలు విడిగా తీసిపెట్టాను.

ఇట్లు,
మీ మావయ్య