కారు ఎత్తుకుపోయింది దొంగ, టోయింగ్ డబ్బులు కట్టింది మేము

ప్రశ్న: "మా తమ్ముడు డాలస్ దగ్గర ఎం.ఎస్. చదువుతున్నాడు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోంచి వాడి కారు ఎవరో ఎత్తుకుపోయారు. పోలీసులకు దొరికింది కానీ టోయింగ్ (కారును లాగించిన ఖర్చు), స్టోరేజీ (దాన్ని ఉంచిన అద్దె) డబ్బులు కడితేనే ఇస్తామంటున్నారు. దొంగతనం జరిగింది మాకైతే ఈ డబ్బులు మేమెందుకు కట్టాలి? కట్టకుండా తెచ్చుకునే దారి ఉందా?"

ముందు మీ తమ్ముడిని ఈ రోజే వెళ్లి, డబ్బు కట్టి, కారు బయటికి తెచ్చుకోమనండి. న్యాయం సంగతి ఆ తర్వాత. టెక్సస్‌లో లాగించిన కార్లను ఉంచే టో యార్డుల్లో స్టోరేజీ రోజు లెక్కన పడుతుంది. మామూలు కారుకు రోజుకు 20 డాలర్ల పైనే, దాని మీద మళ్లీ సేల్స్ టాక్స్. శని, ఆదివారాలకు మినహాయింపు లేదు. మీరు ఫోన్లో వాదిస్తున్నంతసేపూ బిల్లు పెరుగుతూనే ఉంటుంది. 2022లో మాకు అచ్చంగా ఇదే జరిగింది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అప్పుడు మా ఆయన వేరే రాష్ట్రంలో ప్రాజెక్టు మీద ఉన్నారు. పొద్దున పాపను డే కేర్‌లో దింపుదామని కిందికి వస్తే కారు ఉండాల్సిన చోట గాజు పెంకులున్నాయి. పోలీసు వచ్చి వివరాలు రాసుకుని, కేస్ నంబర్ ఉన్న చీటీ చేతిలో పెట్టి వెళ్లాడు. ఆ తర్వాత ఎవరి నుంచీ కబురు లేదు. చివరికి వచ్చింది కూడా పోలీసుల ఫోన్ కాదు, ఏదో టో యార్డు నుంచి ఉత్తరం. మీ కారు మా దగ్గరుంది, రోజుకు ఇంత పడుతోంది, వచ్చి తీసుకెళ్లండి అని. చూస్తే అది ఆ యార్డుకు చేరి అప్పటికే చాలా రోజులైంది. నేను పాపనెత్తుకుని ఊబర్లలో తిరుగుతున్నప్పుడు నా కారు పక్క ఊళ్లో కంచె లోపల ఉంది.

తర్వాత తెలిసిందేమిటంటే, పోగొట్టుకున్న కారు వివరాలను మన ఊరి పోలీసులు ఎఫ్‌బీఐ నడిపే ఎన్‌సీఐసీ అనే జాతీయ డేటాబేస్‌లో ఎక్కిస్తారు. పక్క ఊరి పోలీసులు కారును పట్టుకుంటే కబురు మన ఊరి పోలీసులకు వెళుతుంది. అక్కడి నుంచి ఎవరో ఒకరు మనకు ఫోన్ చేయాలి. మా విషయంలో ఆ ఒక్క ఫోన్ రాలేదు. టెక్సస్ చట్టం ప్రకారం ఆ యార్డు కారు ఇక్కడే రిజిస్టర్ అయి ఉంటే 5 రోజుల్లోపు యజమానికి ఉత్తరం పంపాలి. ఆ ఉత్తరానికి నోటిఫికేషన్ ఫీజు అని 50 డాలర్ల దాకా వసూలు చేసుకోవచ్చు కూడా. నా కారు ఎక్కడుందో నాకు చెప్పినందుకు నేనే డబ్బు కట్టాను. ఇప్పటికీ అన్నిటికంటే నన్ను బాధపెట్టేది బిల్లులో ఆ లైనే.

మా అపార్ట్‌మెంట్ పక్క బ్లాకులో ఉండే అన్నయ్య నన్ను యార్డుకు తీసుకెళ్లారు. దారిలో ఒకటే మాట, "ఇవాళే తెచ్చేసుకుందాం చెల్లెమ్మా, రేపటి దాకా ఉంచొద్దు" అని. ఊరి చివర గోదాముల మధ్య ఇనప కంచె, దాని మీద ముళ్ల తీగ. లోపల చిన్న ఆఫీసు గది, మందపాటి అద్దం, కాగితాలు అటూ ఇటూ జరపడానికి కింద సన్నటి సందు. మా ముందు ఒకాయన నిలబడి ఉన్నాడు. పెయింటింగ్ పని చేసుకునే మనిషి, బట్టల నిండా రంగు మరకలు. ఆయన పికప్ ట్రక్కు కూడా దొంగలు ఎత్తుకుపోయిందే. వెనకాల నిచ్చెనలూ, స్ప్రే మిషనూ ఉన్నాయి, దొంగలు అవన్నా వదిలారో లేదో ఒకసారి చూసుకుంటానని అడుగుతున్నాడు. ముందు బిల్లు కట్టమంటోంది లోపలున్న ఆవిడ. సామాను లేకపోతే పని లేదు, పని లేకపోతే ఈ బిల్లు ఎలా కట్టేదని ఆయన మెల్లగా, గొంతు పెంచకుండా అడిగాడు. జేబులో నోట్లు రెండుసార్లు లెక్క పెట్టుకుని, ఎవరికో ఫోన్ చేయడానికి బయటికి వెళ్లాడు. మేము ఉన్నంతసేపూ తిరిగి రాలేదు.

మా వంతు వచ్చింది. కారు మా ఆయన పేరు మీద ఉంది కాబట్టి ఆయనే రావాలంది. ఆయన ఊళ్లో లేరని, మ్యారేజ్ సర్టిఫికెట్ ఉందని చెప్పినా ఒప్పుకోలేదు. అన్నయ్య అక్కడే నిలబడి ఫోన్లో టెక్సస్ లైసెన్సింగ్ అండ్ రెగ్యులేషన్ శాఖ సైట్ తెరిచారు. టో ట్రక్కులకూ, ఈ యార్డులకూ లైసెన్సులిచ్చేది వాళ్లే. కారు తీసుకెళ్లే హక్కు నాకుంది అని రాసి సంతకం పెట్టే అఫిడవిట్ ఫారం ఒకటి ఆ శాఖే తయారు చేసింది, యార్డులు తీసుకోవాల్సిన కాగితాల్లో అదీ ఉంది. అన్నయ్య ఆ పేజీని అద్దానికి ఆనించి చూపించాక ఆవిడ డెస్కు సొరుగులోంచి అదే ఫారం తీసి ఇచ్చింది. మీ తమ్ముడి కారు ఒకవేళ కజిన్ పేరు మీదో, ఫ్రెండ్ పేరు మీదో ఉంటే ఈ సంగతి గుర్తుంచుకోండి.

బిల్లులో టోయింగ్, ఇంపౌండ్‌మెంట్ (కారును యార్డులో చేర్చుకున్నందుకు), నోటిఫికేషన్, స్టోరేజీ, టాక్స్ అని వరసగా ఉన్నాయి. మొత్తం 400 డాలర్లు దాటింది. పోలీస్ రిపోర్ట్ నంబర్ చూపించి, ఇది దొంగతనం కేసు అన్నాను. "తెలుసండీ, ఇక్కడికి వచ్చేవాళ్లలో చాలామందిది ఇదే కథ. పోలీసులు పిలిచారు, మేం తెచ్చాం. డబ్బు కట్టాల్సింది కారు ఎవరిదైతే వాళ్లే" అంది. ఆవిడ మర్యాదగానే చెప్పింది, ఆవిడ మీద నాకు కోపం లేదు. నా కోపమంతా ఆ పద్ధతి మీద. నేను ఫైర్ లేన్‌లో (ఫైరింజన్ కోసం ఖాళీగా ఉంచాల్సిన దారిలో) కారు పెట్టి, పోలీసులు దాన్ని లాగించి ఉన్నా ఇవే ఫీజులు. తప్పు చేసినవాడికీ దొంగల చేతిలో నష్టపోయినవాడికీ ఒకే రేటు అయితే దాన్ని న్యాయం అనడానికి నాకు నోరు రాదు.

కారు దగ్గరికి వెళ్తే స్టీరింగ్ కింద అంతా పగలగొట్టి ఉంది. తాళం తిప్పితే ఏమీ జరగలేదు. పాప కార్ సీటు లేదు. వెనక సీటులో ఎవరివో బట్టలు, సగం తిన్న ఫ్రైస్. దాన్ని మెకానిక్ దగ్గరికి చేర్చడానికి ఇంకో టో ట్రక్కును పిలిచాం. దానికీ మళ్లీ డబ్బు.

కట్టకుండా తెచ్చుకునే దారి ఉందా అని అడిగారు కదా. టెక్సస్‌లో టో హియరింగ్ అని ఒకటుంది. కారును యార్డుకు లాగించిన 14 రోజుల్లోపు (సెలవులు, శని ఆదివారాలు కాకుండా) జస్టిస్ కోర్టులో అడగాలి. కానీ అక్కడ జడ్జి చూసేది టో చేయడానికి సరైన కారణం ఉందా, టోయింగ్‌కు చట్టం ఒప్పుకున్న దానికంటే ఎక్కువ వసూలు చేశారా అన్నదే. దొంగతనం అయిన కారు రోడ్డు మీద కనబడితే దాన్ని లాగించడానికి కారణం ఉన్నట్టే. కారు పోగొట్టుకున్నది మీరు అన్న మాటకు అక్కడ చోటే లేదు. రేటు ఎక్కువ వేశారని అనుమానం ఉంటేనే వెళ్లండి, ఊరికే ఫైలింగ్ ఫీజు పోగొట్టుకోవద్దు.

ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారు. మన పిల్లలు పాత కార్లకు లయబిలిటీ (ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి ఇచ్చేది) ఒక్కటే తీసుకుంటారు, దాంట్లో దొంగతనానికి పైసా రాదు. దొంగతనానికీ వర్తించే కాంప్రెహెన్సివ్ ఉన్నా, డిడక్టబుల్ (ముందు మన జేబులోంచి పెట్టుకోవాల్సింది) 500 డాలర్లో, 1000 డాలర్లో పెట్టుకుంటారు. యార్డు బిల్లు అంతకన్నా తక్కువైతే కంపెనీ ఇచ్చేదేమీ లేదు. సరే, నేర బాధితుల కోసం ప్రభుత్వం నిధి ఉందని విని వెతికాను. 1984లో వచ్చిన ఫెడరల్ చట్టం కింద ప్రతి రాష్ట్రంలోనూ ఆ పరిహారం ఉంది. కానీ అది ఆసుపత్రి ఖర్చులు, పోయిన జీతం, కౌన్సెలింగ్, అంత్యక్రియలు ఇలాంటి వాటికి. పోయిన ఆస్తికి మామూలుగా ఇవ్వరు. పోనీ టాక్స్ రిటర్న్‌లో నష్టం చూపిద్దామంటే, 2018 నుంచి సొంత వస్తువుల దొంగతనాన్ని చూపించుకునే వీలు కూడా తీసేశారు. విపత్తుగా ప్రకటించిన వాటికే మినహాయింపు. ఒక్కొక్క తలుపూ తట్టి చూశాను, అన్నిటికీ తాళమే.

కార్ల కంపెనీల గురించి కూడా ఒక మాట చెప్పాలి. అమెరికాలో అమ్మిన 2011 నుంచి 2022 మోడళ్ల కియా, హ్యుందాయ్ కార్లలో, తాళంచెవితో స్టార్ట్ చేసే చాలా రకాలకు ఇమ్మొబిలైజర్ (అసలు తాళంచెవి లేకపోతే ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఆపే పరికరం) లేదు. ఒక యూఎస్‌బీ కేబుల్ చివరతో స్టార్ట్ చేసే పద్ధతి సోషల్ మీడియాలో పాకిపోయింది. 2023 ఫిబ్రవరిలో ఇక్కడి రోడ్డు భద్రతా సంస్థ, ఆ దొంగతనాలకు ముడిపడి కనీసం 14 ప్రమాదాలు, 8 మరణాలు జరిగాయని చెప్పింది. 83 లక్షల కార్లకు సాఫ్ట్‌వేర్ మార్పు ఇస్తామని కంపెనీలు అన్నాయి. ఆ ఏడాదే సుమారు 20 కోట్ల డాలర్లతో కేసు సెటిల్ చేసుకున్నాయి. పక్కనే ఉన్న కెనడా 2007 నుంచే కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్ తప్పనిసరి చేసింది. ఇక్కడ అది చేయలేదు. మన స్టూడెంట్లు కొనే పాత కార్లలో ఇవి చాలానే ఉంటాయి, కొనే ముందు ఆ అప్‌డేట్ వేయించారో లేదో అడగమనండి.

మన దగ్గర ఇంతకంటే బాగుందా అంటే అదీ లేదు. గుంటూరు జిల్లాలో మా బాబాయి బైక్ పోయి దొరికితే, స్టోరేజీ బిల్లు లేదు కానీ వకీలు, షూరిటీ, బాండ్ అంటూ కోర్టు చుట్టూ తిరిగాడు. స్టేషన్ ఆవరణలో ఎండకూ వానకూ ఉన్న బండి బ్యాటరీ లేకుండా చేతికొచ్చింది. అయినా మన సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో, పట్టుకున్న బండ్లను స్టేషన్లలో ఏళ్ల తరబడి పడేయొద్దు, ఫొటోలు తీసి, పూచీ తీసుకుని యజమానికి ఇచ్చేయండి అని చెప్పింది. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం, నాగరిక్ సురక్షా సంహితలో దానికి గడువులు కూడా పెట్టారు. ఆచరణలో ఎంత జరుగుతుందన్నది వేరే విషయం. కానీ బండి యజమానిది, త్వరగా ఇచ్చేయాలి అని పైకోర్టు నోటి నుంచి ఒక మాటైనా వచ్చింది.

ఇక్కడ ఆ మాట చెప్పేవాళ్లే లేరు, దానికి కారణం డబ్బు అని నేను గట్టిగా నమ్ముతాను. చాలా ఊళ్లలో పోలీసులు పిలిచే టో కంపెనీకి సిటీ నుంచి డబ్బు వెళ్లదు, కారు యజమాని దగ్గరే వసూలు చేసుకోవాలి. సిటీకి ఖర్చు లేదు కాబట్టి, యజమానికి ఫోన్ చేసి ఒక గంట ఆగుదాం అన్న తొందర ఎవరికీ ఉండదు. మన ఇంట్లో దొంగలు పడి, పోలీసులు నగలు పట్టుకుంటే, లాకర్ అద్దె కట్టి తీసుకెళ్లండి అంటే ఊరుకుంటామా? వేలిముద్రల కోసం కారు కావాలంటే ఆ ఖర్చు పోలీసుల బడ్జెట్‌లోంచి రావాలి. అక్కర్లేకపోతే దొరికిన చోటికే యజమానిని పిలవాలి. యజమానికి కబురు అందని రోజులకు స్టోరేజీ వేయనే కూడదు. టోయింగ్ సిటీ కట్టి, దొంగ దొరికితే అతని దగ్గర రాబట్టుకోవాలి. నేర పరిశోధనకయ్యే ఖర్చు ఊరంతా పంచుకోవాలి, అందుకే కదా పన్నులు కడుతున్నాం.

మీ తమ్ముడికి ఇంకో ముఖ్యమైన విషయం. కారు చేతికొచ్చాక, నడిపే ముందు, రిపోర్ట్ రాసిన పోలీసులకు ఫోన్ చేసి ఎన్‌సీఐసీలోంచి ఆ నంబర్ తీసేశారని నోటితో చెప్పించుకోమనండి. తీసేయకపోతే రోడ్డు మీద అతన్నే దొంగ అనుకుని ఆపుతారు. 2020 ఆగస్టులో కొలరాడోలోని అరోరాలో పోలీసులు ఒక కుటుంబం కారును దొంగ బండి అనుకుని తుపాకులు ఎక్కుపెట్టారు. పిల్లలను పార్కింగ్ లాట్‌లో బోర్లా పడుకోబెట్టారు. నంబర్ ప్లేటు కలిసింది వేరే రాష్ట్రంలో పోయిన మోటార్‌సైకిల్‌తో. ఆ ఊరు 2024లో 19 లక్షల డాలర్లు పరిహారం ఇచ్చింది. మీ తమ్ముడు అక్కడ ఒక్కడే ఉన్నాడు, ఈ ఫోన్ మాత్రం మర్చిపోవద్దు. రిపోర్ట్ కాపీ కూడా కారులోనే ఉంచుకోవాలి.

బిల్లులు, రెండో టోయింగ్ రసీదు, కార్ సీటు లాంటివి పోతే వాటి రసీదులు అన్నీ దాచమనండి. దొంగ దొరికి కేసు నడిస్తే ప్రాసిక్యూటర్ ఆఫీసులో బాధితుల కోసం ఒకరుంటారు, ఆ మొత్తం దొంగ దగ్గర ఇప్పించమని వాళ్లకు ఇవ్వొచ్చు. మా కేసులో ఎవరూ దొరకలేదు.

ఇంకొకటి. మనకు ఇక్కడ ఓటు లేదని మన వాళ్లు ఊరుకుంటారు. చాలా ఊళ్లలో సిటీ కౌన్సిల్ మీటింగ్‌లో పేరు రాయించుకుంటే ఎవరైనా కొద్ది నిమిషాలు మాట్లాడొచ్చు, సిటిజన్ కానక్కర్లేదు. నేను వెళ్లి మాట్లాడాను. వెనక వరుసలో కూర్చున్న ఇద్దరు మీటింగ్ అయ్యాక వచ్చి తమ బిల్లులు ఫోన్లో చూపించారు. మీ తమ్ముడు కూడా వెళ్తానంటే, కారు ఏ తేదీన దొరికింది, తనకు ఏ తేదీన తెలిసింది, ఆ మధ్య రోజులకు ఎంత స్టోరేజీ వేశారు, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకుని, బిల్లు కాపీతో పాటు ఆ ఊరి కౌన్సిల్‌కే ఇవ్వమనండి. కారును లాగించింది ఆ ఊరి పోలీసులు, జవాబు చెప్పాల్సింది కూడా ఆ ఊరే.