గాలి సిలిండర్ కొనేముందు: ఎయిర్ రైఫిల్ షూటర్ల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. గాలి కోసం ప్రతిసారీ రేంజ్ మీద ఆధారపడకుండా ఇంట్లో ఒక పెద్ద సిలిండర్ పెట్టుకుందామనుకుంటున్నాం. 12 లీటర్ల 200 బార్ (బార్ అంటే గాలి ఒత్తిడి కొలత) స్కూబా సిలిండర్ (నీటి అడుగున ఈదేవాళ్లు వాడేది) ఒకటి, 6.8 లీటర్ల 300 బార్ కార్బన్ ఫైబర్ సిలిండర్ ఒకటి చూశాం. రెండోది చిన్నది, ధరేమో చాలా ఎక్కువ. పెద్దది తీసుకుంటే సరిపోదా?
– ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: ముందు రైఫిల్‌కి ఉన్న చిన్న సిలిండర్ మీద ఏం రాసి ఉందో చూడండి. పెద్ద సిలిండర్‌తో నింపేది దాన్నే. చాలా మ్యాచ్ రైఫిళ్లకు 200 బార్ ఉంటుంది, కొన్ని మోడళ్లకు 300. ఎంత రాసి ఉంటే అంతే గరిష్ఠం.

ఇక లెక్క చూద్దాం. రైఫిల్ సిలిండర్ 0.2 లీటర్లు అనుకోండి. 80 బార్‌కి దిగినప్పుడల్లా నింపుతున్నారు. 12 లీటర్ల స్కూబా సిలిండర్ నిండుగా 200 ఉన్నా మొదటిసారే 198 వస్తుంది, ఎందుకంటే గాలి రెండింట్లోనూ సమానమయ్యాక ఆగిపోతుంది. 10వ సారికి 182, 20వ సారికి 166. అంటే పూర్తి 200 ఒక్కసారి కూడా రాదు.

300 బార్ కార్బన్ సిలిండర్ 200కి దిగేదాకా ప్రతిసారీ పూర్తిగా నింపుతుంది. కాగితం మీద 28 సార్లు వస్తుంది. కానీ అంత ప్రెషర్ దగ్గర గాలి లెక్క ప్రకారం అణగదు కాబట్టి చేతికొచ్చేది 24 దాకానే. 200కి దిగాక అది కూడా మామూలు సిలిండరే.

మరి ఖరీదైనదే కొనాలా? మీ అమ్మాయి ఒక్కతే షూట్ చేస్తుంటే అక్కర్లేదనే మా అభిప్రాయం. మ్యాచ్ రైఫిల్లో రెగ్యులేటర్ (ప్రతి షాట్‌కీ ఒకే ఒత్తిడితో గాలి అందించే భాగం) ఉంటుంది. సిలిండర్లో 200 ఉన్నా 160 ఉన్నా పెల్లెట్ వేగం ఒకటే. 60 షాట్ల మ్యాచ్‌కి, దాని ముందు గురి సరిచూసుకోవడానికి కొట్టే సైటర్లకీ కలిపి 160 బార్ చాలు. ఇంకో మంచి సంగతి, 200 బార్ సిలిండర్‌తో 200 బార్ రైఫిల్ సిలిండర్‌ని పొరపాటున కూడా ఎక్కువ నింపలేం. 300 దాంతో నింపేటప్పుడు మాత్రం వాల్వ్ మీద చెయ్యి, గేజ్ మీద కన్ను తియ్యకూడదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు షూటర్లున్నా, నింపించే చోటు దూరమైనా 300 బార్‌ది డబ్బుకు తగ్గ పని చేస్తుంది.

కొనకముందే నింపేవాళ్లెవరో కనుక్కోండి. వాళ్ల కంప్రెసర్ 300 దాకా వెళ్తుందా అని అడగండి. 200 దగ్గరే ఆగిపోయేదైతే 6.8 లీటర్ల సిలిండర్లో పట్టేది బయటి గాలి లెక్కలో 1,360 లీటర్లే, అదే స్కూబా దాంట్లో 2,400. మన దేశంలో సిలిండర్‌కి పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఆమోదం తప్పనిసరి. ఆన్‌లైన్లో విదేశం నుంచి తెప్పించిన ఆమోదం లేని సిలిండర్‌ని నిబంధనల ప్రకారం ఎవరూ నింపకూడదు. ఎంత చవకైనా అది మూలన కూర్చుంటుంది.

వాల్వ్ కూడా చూసుకోండి. డిన్ (రైఫిల్ సిలిండర్ తగిలించే అడాప్టర్‌ని మరతో బిగించే రకం) వాల్వుల్లో 200 బార్‌ది 5 చుట్ల మర, 300 బార్‌ది 7 చుట్లు. 200 అడాప్టర్‌ని 300 వాల్వ్‌లో బిగిస్తే దాని చివరి ఓ-రింగ్ (గాలి పోకుండా ఆపే రబ్బరు రింగు) వాల్వ్ అడుగు దాకా చేరదు, గాలి బుస్సుమంటూ పోతుంది. తక్కువ ప్రెషర్ సామాను ఎక్కువ ప్రెషర్‌కి తగిలించకుండా కావాలనే అలా చేశారు. మధ్యలో వాషర్లు పెట్టి సరిచెయ్యాలని చూడొద్దు.

ప్రశ్న: రాత్రి రైఫిల్ సిలిండర్ 200 బార్ నింపి పెడితే తెల్లారేసరికి 188 చూపిస్తోంది. లీకేజీ అనుకోవాలా? ఒక్కోసారి నింపాక అడాప్టర్ నుంచి సిలిండర్ ఊడి రాదు. పట్టకారుతో తిప్పొచ్చా?
– ఒక షూటర్, విశాఖపట్నం

జవాబు: మీరు గబగబా నింపుతున్నారు. గాలి వేగంగా దూరితే సిలిండర్ వేడెక్కుతుంది. ముట్టుకుంటే తెలుస్తుంది. 50 డిగ్రీల దగ్గర 200 ఉన్నది 30కి చల్లారితే 188 అవుతుంది. మరో రోజు ఉంచి చూడండి. అక్కడే నిలబడితే లీక్ లేదు. ఇంకా దిగుతుంటే సబ్బు నురగ రాసి బుడగ ఎక్కడ లేస్తుందో చూడండి. సాధారణంగా ఓ-రింగే. మార్చేటప్పుడు సిలికాన్ గ్రీజు పలచగా రాయండి, బండి గ్రీజు వద్దు.

పట్టకారు ముట్టుకోవద్దు. ఊడి రావడం లేదంటే అడాప్టర్‌లో ఇంకా 200 బార్ గాలి బిగబట్టి ఉంది. వరస ఇది: సిలిండర్‌ని చేత్తోనే బిగించండి, బ్లీడ్ స్క్రూ (అడాప్టర్‌లో మిగిలిన గాలిని బయటికి వదిలే స్క్రూ) మూయండి, పెద్ద సిలిండర్ వాల్వ్ కొద్దిగా, ముల్లు మెల్లగా కదిలేంత మాత్రమే తెరవండి. నిమిషం పైనే పట్టనివ్వండి. 200కి రాగానే వాల్వ్ మూసి, బ్లీడ్ స్క్రూ తిప్పండి. ‘టప్’మని గాలి పోయాక సిలిండర్ రెండు వేళ్లతో ఊడొస్తుంది.

నింపిన సిలిండర్ ఎండలో ఆపిన కారులో ఉంచొద్దు. 25 డిగ్రీల దగ్గర 200 ఉన్నది 65కి చేరితే 227 అవుతుంది.

ప్రశ్న: చిన్న 12 వోల్టుల కంప్రెసర్ కొన్నాను. వానాకాలంలో వాడితే నష్టమా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీ ఊరి గాలికి ఈ ప్రశ్న అడగాల్సిందే. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజు వెయ్యి లీటర్ల గాలిలో దాదాపు 24 గ్రాముల నీరుంటుంది. 12 లీటర్ల సిలిండర్‌ని 200 బార్‌కి నింపడానికి లాగే గాలిలో 58 గ్రాములు, అంటే ఇంచుమించు నాలుగు టేబుల్ స్పూన్లు. చిన్న కంప్రెసర్లలో ఉండే దూది ఫిల్టర్ బొట్లను ఆపుతుంది, ఆవిరిని ఆపలేదు. ఆ ఆవిరి లోపల చల్లారి నీరై ఉక్కుకి తుప్పు పట్టిస్తుంది, అల్యూమినియాన్ని తింటుంది, రెగ్యులేటర్ సీటు పాడుచేస్తుంది. షాట్ వేగం అటూ ఇటూ అవుతోందని తెలిసేసరికి రెగ్యులేటర్ విప్పాల్సిన పరిస్థితి వస్తుంది.

బయట మాలిక్యులర్ సీవ్ (తేమను పీల్చే గింజలు) నింపిన డ్రైయర్ గొట్టం అమర్చండి, గింజలు సమయానికి మార్చండి. నడుస్తున్నంతసేపూ నీరు వదిలే స్క్రూ తరచూ తిప్పండి. పెద్ద సిలిండర్లో నీరుందేమోనని అనుమానమైతే తలకిందులుగా పట్టుకుని వాల్వ్ ఒక్క క్షణం, వెంట్రుకవాసి తెరిచి ఆ గాలిని పొడి తెల్లగుడ్డ మీదికి వదలండి. తెల్లటి పొగ కనబడితే కంగారు పడొద్దు, గాలి వ్యాకోచిస్తూ చల్లబడడం వల్ల వస్తుంది. గుడ్డ తడిస్తేనే లోపల నీరు చేరినట్టు. సిలిండర్‌ని ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చెయ్యొద్దు, 20 నుంచి 30 బార్ మిగలనివ్వండి. విమానంలో మాత్రం ఖాళీ చేసే తీసుకెళ్లాలి కాబట్టి, అప్పుడు వాల్వ్‌కి మూత పెట్టండి.

ప్రశ్న: వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ సిలిండర్ చవగ్గా దొరుకుతుంది. దాంతో నింపొచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వద్దు. ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. అంత ప్రెషర్‌లో ఆక్సిజన్ తగిలితే వాల్వ్‌లోని నూనె, గ్రీజు, రబ్బరు వాటంతటవే అంటుకుంటాయి. తుపాకీ మీ చెంప పక్కనే ఉంటుంది. హాస్పిటల్ ఆక్సిజన్ అయినా అంతే. పొడి గాలి తప్ప వేరే మాట లేదు.

ప్రశ్న: ఇక్కడ ఫైర్ డిపార్ట్‌మెంట్లు వాడి తీసేసిన కార్బన్ సిలిండర్లు చాలా చవగ్గా అమ్ముతున్నారు. కొనొచ్చా?
– ఒక తెలుగు షూటర్, డాలస్, అమెరికా

జవాబు: లేబుల్ మీద తయారీ నెల, సంవత్సరం ఉంటాయి. ఈ రకం సిలిండర్ల ఆయుష్షు సాధారణంగా 15 ఏళ్లు, ఐదేళ్లకొకసారి నీటి ఒత్తిడితో చేసే హైడ్రో పరీక్ష. 14 ఏళ్లది కొంటే ఏడాది తర్వాత ఎయిర్ స్టేషన్ వాళ్లు నింపరు. చవక ధరకు కారణం ఎక్కువగా అదే. కనీసం 6, 7 ఏళ్లు మిగిలినదీ, హైడ్రో ముద్ర తాజాగా ఉన్నదీ చూడండి. నూలుపోగుల్లా ఫైబర్ లేచిన గీత ఉంటే వదిలెయ్యండి. పాత అల్యూమినియం సిలిండర్ అయితే 1990కి ముందుది కొనొద్దు. వాటిలో చాలావాటికి 6351 అనే మిశ్రమలోహం వాడారు, దానికి మెడ లోపల పగుళ్లొస్తాయి.

రైఫిల్ సిలిండర్ తేదీ కూడా చూసుకోండి. ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నియమం ప్రకారం గరిష్ఠం 10 ఏళ్లు, ఆ బాధ్యత షూటర్‌దే. మ్యాచ్ రోజు పరికరాల తనిఖీలో అడగొచ్చు.