బెయిల్ ఆర్డర్ రాకముందే జామీనుదారులను సిద్ధం చేసుకో చెల్లెమ్మా

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మీ ఆయన గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే ముఠా కూలీ. గోడౌన్‌లో టిక్కీలు (మిర్చి బస్తాలు) పోయాయని ఆయన్నీ కలిపి పట్టుకెళ్లారు, రిమాండ్‌కి పంపి ఇవాళ్టికి 52 రోజులు. ఒకసారి బెయిల్ పిటిషన్ కొట్టేశారు, లాయర్ గారు చూద్దాం అంటున్నారు, ఇప్పుడేం చేయాలని అడిగావు. నేను లాయర్ని కాదు, విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పని చేసుకునేవాణ్ని. పోయినేడాది మా బావమరిది కోసం కోర్టు చుట్టూ తిరిగినప్పుడు తెలిసినవి చెప్తున్నాను.

అన్నిటికంటే ముందు రోజులు లెక్కపెట్టు. పదేళ్లు, ఆపైన శిక్ష పడే కేసుల్లో 90 రోజుల్లోగా, మిగతా వాటిలో 60 రోజుల్లోగా పోలీసులు ఛార్జిషీటు వేయాలి. వేయకపోతే బెయిల్ అడగడం మీ ఆయన హక్కు, సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 187వ సెక్షన్. దీన్ని డిఫాల్ట్ బెయిల్ అంటారు, ఇందులో ఆయన తప్పు చేశాడా లేదా అన్న వాదనే రాదు. గోడౌన్ దొంగతనానికైనా, పనివాడు చేసిన దొంగతనానికైనా గరిష్ఠం ఏడేళ్లే కాబట్టి మీకు 60 రోజులే అనుకుంటున్నాను, అయినా పోలీసులు కోర్టుకిచ్చిన రిమాండ్ రిపోర్ట్‌లో ఇంకేమైనా పెద్ద సెక్షన్ కలిపారేమో లాయర్ గారిని సూటిగా అడుగు. కోర్టు రిమాండ్ చేసిన రోజే మొదటి రోజు, అరెస్టు చేసిన రోజు కాదు. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు, ఈ బెయిల్ మనం అడిగితేనే వస్తుంది, మనం పిటిషన్ వేయకముందే వాళ్లు ఛార్జిషీటు వేసేస్తే ఆ హక్కు పోయినట్టే. అందుకే 61వ రోజు కోర్టు తలుపు తీసేసరికి పిటిషన్ చేతిలో ఉండాలి.

ఇక అసలు సంగతి. బెయిల్ రావడం వేరు, మనిషి బయటికి రావడం వేరు. మాకు ఇది ఎవరూ ముందు చెప్పలేదు.

మా వాడు పాత ఇనుము కొట్లో పనిచేసేవాడు. దొంగ రాగి తీగ కొన్నారని ఓనర్‌తో పాటు వీణ్ని కూడా ఏ3, అంటే మూడో నిందితుడు, అని పెట్టారు. మొదటి పిటిషన్ పోయింది, రెండోసారి 24వ రోజున బెయిల్ ఇచ్చారు. ఆ సాయంత్రం మా అత్తగారు కొండెక్కి అమ్మవారికి కొబ్బరికాయ కొట్టొచ్చి, తెల్లారి వాడికిష్టమని పప్పుచారు, వడియాలు చేసి గుమ్మంలో కూర్చుంది. వాడు వచ్చింది పదమూడు రోజుల తర్వాత. ఎందుకంటే ఆర్డర్‌లో ఇద్దరు జామీనుదారులు (వాయిదాలకు వస్తాడని పూచీ పడేవాళ్లు), ఒక్కొక్కరు 20 వేలకు అని ఉంది, మాకు ఇద్దరు దొరకలేదు. ఒకాయన ఒప్పుకుని పొద్దున ఫోన్ స్విచ్ ఆఫ్ చేశాడు. ఇంకొకాయన వచ్చాడు గానీ ఇంటి పన్ను రసీదు చనిపోయిన వాళ్ల నాన్న పేరు మీదే ఉంది, కుదరదన్నారు. ఇంటి విలువ చూపే వాల్యుయేషన్ సర్టిఫికెట్ కోసం ఒక ఆఫీసుకి నాలుగు రోజులు తిరిగాం. బెయిల్ ఇచ్చిన మనిషి డబ్బూ ఇల్లూ ఉన్న చుట్టాలు లేనందుకు లోపలే ఉండటం ఏం న్యాయమో నాకిప్పటికీ అర్థం కాదు, తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇది కొత్త బాధ కూడా కాదు. 1978లోనే మోతీరామ్ అనే తాపీ మేస్త్రీ కేసులో పది వేల జామీను అడిగారు, అతని అన్నదమ్ముడు వేరే జిల్లావాడని ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ గారు దాన్ని తప్పుబట్టి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదిలేయమన్నారు. మీ చుట్టాలు పల్నాడులోనో ప్రకాశంలోనో ఉంటే, వేరే జిల్లా అని ఎవరైనా అన్నప్పుడు మీ లాయర్ ఈ కేసు చెప్పొచ్చు.

మమ్మల్ని గట్టెక్కించింది లీగల్ ఎయిడ్. జైల్లో ఉన్న ఎవరికైనా, ఆదాయం ఎంతని చూడకుండా, ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. మీకైతే గుంటూరు జిల్లా కోర్టులో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, లేదంటే 15100కి ఫోన్ చెయ్యి. వాళ్లిచ్చిన లాయరమ్మ, ఇద్దరి బదులు ఒక్క జామీనుదారు చాలని మార్చమంటూ పిటిషన్ వేసింది, జడ్జి గారు ఒప్పుకున్నారు. పక్కింటి మునిసిపల్ ఉద్యోగి జీతం సర్టిఫికెట్ పట్టుకొచ్చి నిలబడ్డాడు, ఆయన రుణం మేం తీర్చుకోలేం. సుప్రీంకోర్టు 2023లో ఇంకో మాట కూడా చెప్పింది, బెయిల్ ఇచ్చాక ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంస్థకి తెలియజేయాలని. జామీను సొమ్ము కట్టలేని పేద ఖైదీలకు సాయం చేసే కేంద్రం పథకం కూడా అదే ఏడాది వచ్చింది, అక్కడే అడుగు.

మూడో వంతు శిక్షాకాలం అయిపోతే వదిలేస్తారని నీకెవరో చెప్పారన్నావు కదా. అది బీఎన్ఎస్ఎస్‌లోనే 479వ సెక్షన్, ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడని వాళ్లకి. కానీ ఏడేళ్ల కేసులో మూడో వంతంటే రెండేళ్ల నాలుగు నెలలు, ఇప్పుడు దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

కోర్టు బయట ఐదు వేలిస్తే జామీను మేమే పెడతాం అనేవాళ్లు తగులుతారు. టెన్షన్‌లో ఒప్పుకోవాలనిపిస్తుంది, మాకూ అనిపించింది. వద్దు. ఆ కాగితాలు దొంగవని తేలితే బెయిల్ రద్దవుతుంది, పైన ఇంకో కేసు పడుతుంది.

60 రోజులు నిండటానికి ఇంకా ఎనిమిది రోజులుంది. రేపు జైల్లో ఆయన్ని కలవడానికి ములాఖత్‌కి వెళ్లినప్పుడు తనకోసం నిలబడేవాళ్లు ఎవరున్నారో, ముఠా మేస్త్రీతో సహా పేర్లన్నీ మీ ఆయన్నే అడుగు. వాళ్లలో ఎవరి ఇంటి పన్ను రసీదు ఎవరి పేరు మీద ఉందో వెళ్లి నీ కళ్లతో చూడు, ఆధార్ జిరాక్సులు, ఫొటోలు తీసిపెట్టుకో. జామీను అంటే ఇల్లు పోతుందేమోనని భయపడతారు, మీ ఆయన వాయిదాలకు రాకపోతే ఆ రాసిన మొత్తం వరకే వాళ్లు బాధ్యులని చెప్పు. రిమాండ్ తేదీ, రిమాండ్ రిపోర్ట్‌లోని సెక్షన్లు ఇక్కడ రాయి, 61వ రోజు ఏ తేదీకి వస్తుందో నేను కూడా లెక్క చూసి చెప్తాను.